చక్రాల్లో వెంట్రుకలు తీసే కత్తి

జూన్ 9, సోమవారం

ఏమే తాళాలమ్మా, బాగున్నావా? నాలుగు రోజులుగా నీకు ఒక్క ముక్క రాయలేదు. తప్పు నాదే, ఏమనుకోకు. ఎడమ చెయ్యి సహకరించడం లేదు, కుడిచేతి బొటనవేలు ఒక్కదానితో ఫోన్లో కొడుతున్నాను. అక్షరాలు అటూ ఇటూ అయితే నవ్వుకో.

నవ్వుకోవడానికి ఇది నీకు చేరితే కదా. పంపను. పొద్దున షాపు తెరిచి రెండు కుర్చీలు తుడిచేలోపు నీకు ఇంత పొడుగు మెసేజీ కొట్టడం అలవాటైపోయింది. మానేద్దామంటే వేలు ఊరుకోవడం లేదు. అందుకని నీ పేరు పెట్టి నా కోసం నేనే రాసుకుంటున్నాను. నువ్వు చదవవు కాబట్టి మొహమాటం లేదు. మొదలుపెడుతున్నాను.

గురువారం నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?

ఇందాక గేటు తమ్ముడు ఫోన్ చేశాడు. మీ ఆఫీసు గేటు కాసేవాళ్ళలో నాకు కాస్త మాట సాయం చేసేది అతనొక్కడే. "అక్కా, స్టోరక్కని కూడా రాసిమ్మన్నారంట. పెట్టె దించుకుంటూ అటు తిరిగి ఉన్నాను, నేనేం చూడలేదు అని రాసిచ్చిందంట" అన్నాడు. నేను మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు.

నువ్వేమీ చూడలేదట. కొత్త చక్రాల పెట్టె చంకన పెట్టుకుని గుమ్మంలో నా మొహంలోకి చూస్తూ నిలబడ్డది మరి ఎవరు, మీ అత్తగారా?

పదకొండేళ్ళు. మీ ఆఫీసులో కుర్చీల పని నాకు ఇప్పించింది నువ్వే, కాదనను. ప్రతి గురువారం మూడంతస్తులూ తిరిగి, కుంటి కుర్చీలన్నీ బాగుచేసి, నీ స్టోరు గదిలో కూర్చుని టీ తాగి వచ్చేదాన్ని. నీ పెట్టెలకు బిగించిన ప్లాస్టిక్ పట్టీలు కోయాల్సి వస్తే "ఏదే నీ కత్తి" అని చెయ్యి చాపేదానివి. ఆ ఒక్క ముక్క రాసిస్తే ఏం పోయేది? ఈమె దగ్గర కత్తి ఎప్పుడూ ఉంటుంది, అది పనిముట్టు, నేనూ వాడాను అని.

బుధవారం ముగ్గురు కూర్చుని నన్ను విచారిస్తారట. లోపలికి మళ్ళీ రానివ్వాలా, లేక పోలీసులకు అప్పజెప్పాలా అని తేలుస్తారట. అక్కడ తడబడకూడదు. అందుకని జరిగింది వరసగా రాసిపెట్టుకుంటున్నాను.

గురువారం మధ్యాహ్నం, మూడో అంతస్తు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి కుర్చీ మొరాయిస్తోందంటే వెళ్ళాను. కారణం చూడకుండానే తెలుసు. వెంట్రుకలు. ఆఫీసు కుర్చీకి వచ్చే రోగాల్లో సగం వెంట్రుకలే. రాలిన జుట్టంతా నేలమీద దొర్లి, చక్రాల ఇరుసుకు చుట్టుకుని, దారాలూ దుమ్మూ కలుపుకుని రాయిలా బిగుసుకుంటుంది. కత్తెర దూరదు. స్క్రూడ్రైవర్ జారుతుంది. సన్నటి మొన లోపలికి పోనిచ్చి అడ్డంగా కోస్తే తప్ప ఊడిరాదు. అందుకే నా పని కోటు జేబులో మడత కత్తి ఉంటుంది. ఆ అమ్మాయికి వేరే కుర్చీ ఇచ్చి, దీనికి ఒక చక్రం ఊడదీసి, కుర్చీని అలాగే నిలబెట్టి, నేలమీద కూర్చుని కోసుకుంటున్నాను. ఇంతలో ఆ అంతస్తు మేనేజరు వచ్చాడు. నా చేతిలో కత్తి చూశాడు. బెదిరాడు. వెనక్కి వెనక్కి వెళ్ళి, ఆ చక్రం లేని కుర్చీలోనే కూలబడి, కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. అంతస్తంతా గొల్లున నవ్వింది.

అంతే. ఆ నవ్వు అరగక నేను కత్తి చూపించి బెదిరించానని ఫిర్యాదు పెట్టాడు.

మర్నాడు మిగిలిన పని చేద్దామని వెళ్తే గేటు తమ్ముడు తల దించుకుని "పంపొద్దన్నారక్కా, కత్తి కూడా తీసుకోమన్నారు" అన్నాడు. తీసి ఇచ్చాను. దాన్ని ఒక బ్రౌను కవర్లో వేసి, అంటించి, పైన పెన్నుతో "ఆయుధం" అని రాశాడు. నా చూపుడువేలంత లేదు అది. దానితో మనిషిని పొడవాలంటే ముందు ఆ మనిషి ఒప్పుకుని కదలకుండా కూర్చోవాలి.

జూన్ 10, మంగళవారం

నీ ఫోను మూడుసార్లు మోగింది. మోగనీ.

అటు తిరిగి ఉన్న మనిషివి, అటే ఉండు.

జూన్ 11, బుధవారం

వెళ్ళొచ్చాను. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మొదటి అంతస్తులో పొడుగుబల్ల ఉన్న గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా ముగ్గురు. మధ్యలో కళ్ళద్దాలావిడ, పెద్దామె, మెత్తగా మాట్లాడుతుంది. అటూ ఇటూ ఇద్దరు, వాళ్ళు రాసుకోవడానికే పుట్టినట్టు రాసుకుంటున్నారు. నాకు వేసిన కుర్చీ ఎవరో బయట కొన్నది, నా చెయ్యి పడింది కాదు. దాని రాడ్డులో గాలి నిలవడం లేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఇంచీ ఇంచీ కిందికి దిగుతోంది. మొదటి ప్రశ్నకు వాళ్ళ కళ్ళలోకి చూసి జవాబు చెప్పాను. నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి నా గడ్డం బల్ల అంచుకు వచ్చింది. లేచి సరిచేసుకోవచ్చు. లేస్తే మళ్ళీ లేచిందని రాస్తారేమో అని లేవలేదు.

"ఆఫీసులోకి కత్తి ఎందుకు తెచ్చారమ్మా?" అంది కళ్ళద్దాలావిడ.

"వెంట్రుకలు కోయడానికండి."

రాసుకునే ఆయన పెన్ను ఆపాడు. "ఎవరి వెంట్రుకలు?"

ఇలా అడుగుతారని తెలిసే సాక్ష్యం తీసుకెళ్ళాను. ఈ మూడు నెలల్లో మీ చక్రాల్లోంచి తీసినదంతా ఒక కవర్లో వేసి ఉంచాను కదా, అది బల్ల మీద పెట్టి మూతి విప్పాను. "ఇది మీ మూడంతస్తుల జుట్టండి. అందులో మీది కూడా ఉండే ఉంటుంది" అన్నాను. ముగ్గురూ కుర్చీలతో సహా ఒక్కసారి వెనక్కి జరిగారు. చక్రాలు ఎంత బాగా తిరిగాయో. నేను చేసినవే మరి.

ఆవిడ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "మీరు లేచినప్పుడు కత్తి తెరిచి ఉందా, మూసి ఉందా?" అంది.

"తెరిచే ఉందండి. పని మధ్యలో ఉన్నాను."

"ఎందుకు లేచారు?"

అప్పుడు చెప్పాను. ఇది మొన్న రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నేను కోసుకుంటున్నప్పుడు మేనేజరు ఆ అమ్మాయితో ఏదో మాట్లాడాలని వచ్చి, పక్క బల్ల కుర్చీ లాక్కుని, కింద మనిషి ఉందో లేదో చూడకుండా కూర్చుని జరిగాడు. చక్రం నా ఎడమచేతి రెండు వేళ్ళ మీద నుంచి పోయింది. ఆయన బరువుతో సహా. కెవ్వుమన్నాను. కిందికి చూసి "ఏయ్ కుర్చీ, అక్కడేం చేస్తున్నావ్" అన్నాడు. అయ్యో అనలేదు. ఒక్క ముక్క అనలేదు. ఆ అంతస్తుకు వచ్చిన ఈ మూడేళ్ళుగా ఆయనకు నా పేరు కుర్చీయే. లేచి నిలబడ్డాను. అంతే. లేచాను.

"కత్తి ఎంత ఎత్తులో ఉందమ్మా?" అంది ఆవిడ.

"టేపు తెచ్చుకోలేదండి" అన్నాను.

రాసుకునేవాళ్ళు ఇద్దరూ అది కూడా రాసుకున్నారు.

వచ్చే సోమవారం మళ్ళీ రమ్మన్నారు. ఈలోపు కిటికీ పక్క అమ్మాయిని అడుగుతారట. అడగనీ. ఆ పిల్ల నన్ను ఆంటీ అంటుంది, నడుం నొప్పంటే కుర్చీ వెనక దిండు నేనే కుట్టించి ఇచ్చాను. నీలాగా అటు తిరగదు.

బయటికి వస్తుంటే నీ స్టోరు గది తలుపు తీసే ఉంది. తాళాల చప్పుడు వినబడింది. నేను తల తిప్పలేదు.

జూన్ 13, శుక్రవారం

షాపులో మా ఆయన రెక్సిన్ కత్తిరిస్తున్నాడు. నేను చెప్తున్నాను, ఆయన వింటున్నాడు. మా కాపురమంతా ఇలాగే గడిచింది.

"చేతిలో ఏది ఉంటే దాంతోనే మాట్లాడతాను నేను. ఇంట్లో గరిటె, ఇక్కడ సుత్తి. మీకు తెలియదా? బేరానికి వచ్చినవాళ్ళకు స్పానరు ఊపుతూ చెప్తాను, ఎవరైనా పారిపోయారా? పక్క షాపు టైలరన్న కత్తెరతో దారి చూపిస్తాడు. పనిచేసే చేతులు ఖాళీగా ఎక్కడుంటాయండీ? అక్కడివాళ్ళ చేతుల్లో పెన్నుంటుంది, ఆ పెన్నుతో ఎంతమందిని పొడుస్తున్నారో ఎవరైనా విచారిస్తున్నారా?"

"ఊఁ" అన్నాడు.

"ఊఁ ఏంటి?"

"సుత్తి అలా ఊపకు, అద్దం ఉందక్కడ."

పక్కకు పెట్టాను. వేళ్ళకు నల్లగా రక్తం కట్టింది. చూపుడువేలి గోరు ఊడేలా ఉంది. ఒంటిచేత్తో చక్రాలు ఊడదీస్తుంటే ప్రాణం పోతోంది. ఆయన వచ్చి కుర్చీని వంచి పట్టుకున్నాడు. కత్తి లేదు కాబట్టి బ్లేడుతో గీకాను. బ్లేడు రెండుసార్లు విరిగింది. నా కత్తేమో వాళ్ళ కవర్లో పడి ఉంది.

ఎవరిని తిట్టాలో వరస తప్పిపోతోంది. మేనేజరు, ముగ్గురు, నువ్వు. కాదు. నువ్వు, మేనేజరు, ముగ్గురు.

జూన్ 14, శనివారం

మా ఆయన దారం కొరుకుతూ, ఏమీ తోచక అడిగినట్టు అడిగాడు.

"ఆయన పడ్డప్పుడు అందరూ నవ్వారన్నావు కదా. ఎవరెవరు?"

"అంతస్తంతా."

"అంటే ఎవరు?"

పేర్లు చెప్పబోయాను. కిటికీ పక్క అమ్మాయి. కాదు, ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు. ఆ వెనక బల్ల ఆయన. ఆయన ఆ రోజు సెలవు. ప్రింటరు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ళు.

"మీకెందుకు ఆ లెక్కలన్నీ, నవ్వారంటే నవ్వారు" అన్నాను.

నవ్వారు. నా చెవులతో విన్నాను.

జూన్ 16, సోమవారం

ఈ రోజు మంచి కుర్చీ వేశారు. వచ్చేది మంచి కబురు కాదని అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

కళ్ళద్దాలావిడ కాగితం తీసి చదివింది. కిటికీ పక్క అమ్మాయి రాసిచ్చింది. నాకు మాట మాటా గుర్తుంది, ఇక్కడ పెడుతున్నాను. "ఆంటీ చెయ్యి నలిగింది నిజమే. సార్ చూసుకోలేదు. ఆంటీ లేచి కత్తి సార్ మెడ దగ్గర పెట్టింది. సార్ సారీ అన్నారు. ఆంటీ తియ్యలేదు. సార్ మళ్ళీ సారీ అన్నారు. తర్వాత సార్ వెనక్కి పడిపోయారు. ఎవరూ నవ్వలేదు. ఆంటీ ఒక్కతే నవ్వింది. నాకు భయం వేసి కాళ్ళు కుర్చీ పైకి లాక్కున్నాను."

"అబద్ధం" అన్నాను.

"ఏది?" అంది ఆవిడ.

ఏది అని అడిగితే వేలు పెట్టి చూపించాలి కదా. "దిండు కుట్టించి ఇచ్చాను ఆ పిల్లకి" అన్నాను. రాసుకునేవాళ్ళు ఈసారి రాసుకోలేదు.

ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. వరండాలో కెమెరా ఉంది. అందులో ఆ గది లోపలిది పడలేదు, కానీ గుమ్మంలో నిలబడ్డ నువ్వు పడ్డావు. లోపలికి చూస్తూ ఉన్నావట. పెట్టె చేతిలోంచి జారిపోయిందట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావట. అటు తిరగలేదు.

"ఆవిడ విచారణలో అబద్ధం రాసిచ్చారు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. చూసింది చూసినట్టు బుధవారంలోగా రాసివ్వమన్నాం. ఇవ్వకపోతే స్టోరు తాళాలు అప్పజెప్పి ఇంటికి వెళ్ళాలి" అంది. నాకెందుకు చెప్పిందో తెలియదు. బహుశా నేను చెప్తే వింటావనుకుంది.

ఇంటికి నడిచే వచ్చాను. నిన్ను తిట్టుకుంటూ వచ్చాను. అబద్ధం ఆడితే ఆడావు, సరిగ్గా ఆడటం కూడా రాదా నీకు.

జూన్ 17, మంగళవారం

పొద్దున షాపు షట్టరు సగమే లేపాను, కింద నుంచి నీ చెప్పులు కనిపించాయి. తర్వాత తాళాల చప్పుడు. మా ఆయన నిన్ను చూసి, నన్ను చూసి, టీ తెస్తానని ఫ్లాస్కు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఇంత తెలివి ఆయనకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో.

నువ్వు రెక్సిన్ చుట్ట మీద కూర్చున్నావు. నేను కూర్చోమనలేదు.

"ఫోన్ ఎత్తవేమే?" అన్నావు.

"అటు తిరిగి ఉన్నాను. వినబడలేదు."

"ఎత్తిపొడవడం అయ్యాక చెప్పు, నేను తొమ్మిదింటికి గేటు దగ్గరుండాలి."

"ఉండు. రేపటి దాకానే కదా ఆ గేటు నీకు. చూసింది రాసిచ్చెయ్యొచ్చు కదే. వెంట్రుకలు కోసుకుంటోంది, వేళ్ళు నలిగాయి, లేచింది. నాలుగు ముక్కలు. రాయడానికి నీకు అంత బరువేంటి?"

నువ్వు నావైపు ఎలా చూశావంటే, నేను తలనొప్పికి మాత్ర అడగబోయి తలే తీసేయమన్నట్టు చూశావు.

"వెంట్రుకలు నేలమీద ఉన్నాయే" అన్నావు. "కత్తి ఆయన కాలరు మీద ఉంది."



"నేను చూసింది రాస్తే ఆ సాయంత్రమే నిన్ను పోలీసులకు అప్పజెప్తారు పిచ్చిమొహమా. ఆ పిల్ల ఒక్కతే రాస్తే చిన్నపిల్ల, కంగారుపడింది అనుకుంటారు. నేను కూడా రాస్తే ఇద్దరం అయ్యాం. అందుకని చూడలేదన్నాను. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నీకేం తెలుసు. పడుకుంటే కూడా నీ మొహమే. నువ్వు అలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు."

"నేను నవ్వలేదు."

"సరే. నవ్వలేదు."

"నిన్నెవరు చెప్పమన్నారు అబద్ధం? నేనడిగానా?"

"అడగాలా?"

  "నీ తాళాలు పోతే నా మీద పడి ఏడవకు. నీ దయ నాకేం అక్కర్లేదు" అన్నాను. నా చేతిలో సుత్తి ఉంది. నువ్వు సుత్తిని చూశావు. తర్వాత లేచావు. నువ్వు లేచిన తీరు చూశాను, కాస్త పక్కకు తప్పుకుని, నాకు దూరంగా, గోడ వారగా.

నువ్వు. నాకు జడిసి.

రేపు కూడా చూడలేదనే రాస్తానని, నీ ఇష్టం వచ్చింది చేసుకోమని, షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయావు.

సాయంత్రం

షాపులో ఎవరూ లేరు. ఇప్పుడు రాస్తాను. ముగ్గురి కోసం కాదు.

లేచాను. వేళ్ళు మంటలో పెట్టినట్టున్నాయి. ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. మళ్ళీ "ఏయ్ కుర్చీ" అన్నాడు. నేను ఆయన కాలరు మడత మీద కత్తి మొన ఆనించాను. ఊపలేదు. మాటల్లో చెయ్యి తిరిగి అటు వెళ్ళలేదు. కావాలనే, నెమ్మదిగా, ఇరుసులోకి పోనిచ్చినట్టు పోనిచ్చి ఆనించాను. "నా వేళ్ళు నలిగాయి. క్షమించమని అను" అన్నాను. అన్నాడు. నిజమే, అన్నాడు.  నేను తియ్యలేదు. మళ్ళీ అన్నాడు. ఆయన మెడలో నరం కొట్టుకోవడం కత్తి పిడి దాకా తెలుస్తోంది. అప్పుడు కూడా తియ్యలేదు. ఎందుకు తియ్యలేదంటే బాగుంది. పదకొండేళ్ళుగా ఆ అంతస్తులో నన్ను చూడకుండా కాళ్ళు కదిపేవాళ్ళు, నా మీద నుంచి ఫైళ్ళు అందుకునేవాళ్ళు, ఆ ఒక్క నిమిషం ప్రతివాళ్ళూ నన్నే చూస్తున్నారు. ఆయన లేచి, వెనక్కి వెనక్కి వెళ్ళాడు, నేను కూడా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాను. చక్రం లేని కుర్చీ వెనక ఉందని నాకు తెలుసు. ఊడదీసింది నేనే కదా. చెప్పలేదు. పడ్డాడు.

నవ్వాను. అందరూ నవ్వుతారని చుట్టూ చూశాను. ప్రింటరు దగ్గర ఇద్దరూ గోడకు అతుక్కుపోయారు. ఆ పిల్ల కాళ్ళు పైకి లాక్కుని, మోకాళ్ళు గుండెకు అదుముకుని, నేలమీద పామును చూసినట్టు నన్ను చూస్తోంది. అయినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ఒక్కదాని గొంతుదే అయినా నాకు అంతస్తంతా నవ్వినట్టే వినబడింది.

మేనేజరు మీద నాకు ఇప్పటికీ కోపమే. రేపు ఎదురైతే రేపు కూడా కోపమే. కానీ వేళ్ళు నలిగినందుకు తీర్చుకోవడం సారీ అన్నప్పుడే అయిపోయింది. ఆ తర్వాతదంతా నాది.

జూన్ 18, బుధవారం

నువ్వు లోపలికి వెళ్ళక ముందే వెళ్ళాలని ఎనిమిదిన్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. గేటు తమ్ముడు "అక్కా, నిన్ను రానిస్తే నా పని పోతుంది" అన్నాడు. "లోపలికి రాను, ఆ కళ్ళద్దాలావిడనే ఇక్కడికి పిలువు, కాగితం ఇచ్చి పోతాను" అన్నాను. ఆవిడ వచ్చింది. నేను ఊహించలేదు వస్తుందని. గేటు పక్కన వాళ్ళు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలు రెండు వేశాడు తమ్ముడు. వాటికి చక్రాలు లేవు, పోనీలే.

అక్కడే ఒళ్ళో అట్ట పెట్టుకుని రాశాను. నిన్న రాసుకున్నదే, ఒక్క పిసరు తగ్గించలేదు. చివర ఇలా పెట్టాను: "స్టోరు చూసే ఆవిడ నన్ను కాపాడాలని చూడలేదని చెప్పింది. నేను ఆవిడను అడగలేదు. ఆవిడ చూసినదంతా ఇప్పుడు నేనే రాసిచ్చాను కాబట్టి ఆవిడ చేత మళ్ళీ రాయించే పని మీకు లేదు. ఆవిడ తాళాలు ఆవిడ దగ్గరే ఉండనివ్వండి."

ఆవిడ రెండుసార్లు చదివింది. "ఇది ఇచ్చారంటే మీరు ఈ గేటు లోపలికి ఇంక రాలేరమ్మా. ఆయన కావాలంటే దీన్ని పట్టుకుని పోలీసుల దగ్గరికి కూడా వెళ్ళొచ్చు" అంది.

"తెలుసండి."

"బాధపడుతున్నారా చేసినందుకు?"

"ఆయన విషయంలో ఇంకా వెతుక్కుంటున్నానండి. ఆ పిల్ల విషయంలో పడుతున్నాను. కాళ్ళు కింద పెట్టుకుని కూర్చోమని చెప్పండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అతిగా ఊహించుకోను, దుమ్ము పడి ఉంటుంది.

జూన్ 20, శుక్రవారం

తమ్ముడు చెప్పాడు. మేనేజరు పోలీసుల దాకా వెళ్ళలేదట. వెళ్తే పడిపోయిన సంగతి నలుగురిలో చెప్పుకోవాలి కదా. నా పేరు గేటు దగ్గర గోడకు అంటించారట, ఈమెను లోపలికి రానివ్వరాదు అని. పదకొండేళ్ళకు నా పేరు ఎవరో రాశారు ఆ ఆఫీసులో. కుర్చీల పని వేరే వాళ్ళకిచ్చారు. కత్తి నేను అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు.

నీకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చి వదిలేశారట. తాళాలు నీ దగ్గరే ఉన్నాయి.

మా ఆయనకు చెప్తే "ఊఁ" అన్నాడు. కాసేపటికి "మంచి పని చేశావు" అన్నాడు. ఇంకా కాసేపటికి "గురువారాలు ఏం చేస్తాం?" అన్నాడు. నాకూ తెలియదు అన్నాను.

జూన్ 22, ఆదివారం

నువ్వు ఫోన్ చేయలేదు.

జూన్ 23, సోమవారం

నేనే చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి కట్ చేశావు. కట్ చేశావంటే ఫోన్ చేతిలో ఉన్నట్టే కదా.

గేటు తమ్ముడిని అడిగాను. నసిగాడు. నసిగి నసిగి చెప్పాడు. "స్టోరక్క చాలా కోపంగా ఉందక్కా. నేను అంత పరువు పోగొట్టుకుని అబద్ధం ఆడితే, అది చక్కగా వచ్చి నిజం రాసిచ్చి పోతుందా, ఇంక దాని మొహం చూడను అంటోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ కోసం రాసిచ్చాను కాబట్టే కదే నీ తాళాలు మిగిలాయి? ఇంకా రాయబోయాను, చాలా రాయబోయాను. ఎంతవరకు వచ్చానంటే, నువ్వు నాకోసం అబద్ధం ఆడావని ఆ వారమంతా నేను నీ మీద పళ్ళు నూరాను, నేను నీకోసం నిజం చెప్పానని ఇప్పుడు నువ్వు నా మీద నూరుతున్నావు, అక్కడికి వచ్చి ఆగిపోయాను. నీకు కూడా అలాగే అనిపిస్తూ ఉండాలి. నిన్నెవరు చెప్పమన్నారు, నేనడిగానా అని.

మంగళవారం నువ్వు గోడ వారగా తప్పుకుని లేచిన తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అది నువ్వు అబద్ధం చెప్పినదానికంటే, నిజం చెప్పినదానికంటే ఎక్కువ గుచ్చుతోంది. నాకు నువ్వు జడవకూడదు. మేనేజరు జడుచుకోవచ్చు, ముగ్గురూ జడుచుకోవచ్చు. నువ్వు కాదు.

ఇప్పటిదాకా రాసినదంతా నా దగ్గరే ఉంటుంది, పంపను. నీకు ఈ కింది నాలుగు ముక్కలే పంపుతున్నాను.

తాళాలమ్మా, నా చేతులు ఖాళీ చేసుకుని వస్తాను, జేబులు కూడా. కోపం మాత్రం తెస్తాను, నువ్వూ నీది తెచ్చుకో. నేను గేటు లోపలికి రాకూడదు కాబట్టి బయటికి నువ్వే రావాలి. సాయంత్రం నువ్వు బస్సెక్కే చోట, ఏ రోజైనా సరే, నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడు నిలబడతాను. చెప్పు, ఎప్పుడు కలుద్దాం?